విశాఖ నుంచి అండమాన్ దాకా తెరచాప పడవలో: రేడియో ద్వారా వాతావరణ సూచనలు అందుకునే విధానం

విశాఖ ఔటర్ హార్బరు దాటి డాల్ఫిన్ నోస్ దీపస్తంభాన్ని వెనక వదిలిన రెండు గంటలలోపే చేతిలోని ఫోను వాతావరణం చెప్పడం మానేస్తుంది, ఎందుకంటే తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే మొబైల్ సిగ్నల్ అందదు. అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా, అంటే 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన రేవు దాకా, నేరుగా లెక్కవేస్తే సుమారు 650 నాటికల్ మైళ్ళు ఉంటుంది (ఒకటి 1.852 కిలోమీటర్లు, ఇకపై మైళ్ళన్నా ఇవే). సగటున 5 నాట్ల వేగంతో, అంటే గంటకు 5 నాటికల్ మైళ్ళు, సాగే పడవకు అది ఐదున్నర రోజుల ప్రయాణం. బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం వాయుగుండమై, ఆ వాయుగుండం తుపానుగా మారడానికి అంత వ్యవధి చాలు. కనుక బయలుదేరే ఉదయం చూసుకున్న సూచన ఎంత అనుకూలంగా ఉన్నా, మూడో రోజుకు అది నిరుటి పంచాంగంతో సమానం.

ఫోనులోని సూచనను మనకు తీరిక దొరికినప్పుడు తెరిచి చూసుకుంటాము. రేడియోలోని సూచన తన వేళకు వచ్చి, పది పదిహేను నిమిషాలలో వెళ్ళిపోతుంది, మనం నిద్రలో ఉన్నామా, తెరచాప కుదిస్తున్నామా అన్నది దానికి పట్టదు. ఏ వేళకు, ఏ పౌనఃపున్యం మీద, ఏ సముద్ర ప్రాంతానికి సూచన వస్తుందో ఒడ్డున ఉండగానే రాసుకొని, ఆ వేళకు సెట్టు ముందు పెన్సిలు పట్టుకొని కూర్చోవడమే ఈ పనిలో అసలైన కష్టం. యంత్రాలు ఆ తరువాతి సంగతి.

శాటిలైట్ ఫోను ఉంటే ఈ ప్రయాస ఎందుకని అడిగేవారు ప్రతి జెట్టీ మీదా కనబడతారు. ప్రభుత్వ అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం ఫోన్లను కలిగి ఉండడమే మన దేశంలో నేరం, విదేశీ పర్యాటకులు సైతం ఆ కారణంగా విమానాశ్రయాలలో అరెస్టయ్యారు. అనుమతితో ఇన్‌మార్శాట్ అనే ఉపగ్రహ సేవను వాడుకొనే దారి ఉంది గాని, చిన్న పడవ వారికి ఖర్చు, కాగితాల పని రెండూ ఎక్కువే. అందుచేత మన తీరం నుంచి బయలుదేరే తెరచాప పడవకు రేడియో ఇప్పటికీ మొదటి ఆధారంగానే మిగిలింది.

ఒడ్డున చేయవలసిన పని

ముందుగా గడియారం సంగతి తేల్చుకోవాలి. సముద్ర వాతావరణ ప్రసారాల వేళలన్నీ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, ఉంటాయి, మన గడియారం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు నడుస్తుంది. కలపవలసిన చోట తీసివేసి, రాత్రంతా మేలుకొని, ఎవరూ మాట్లాడని తరంగాన్ని వింటూ కూర్చున్న అనుభవం నాకు మొదటి ప్రయాణంలోనే కలిగింది. ఆ మరుసటి వారమే చౌకరకం గోడగడియారం ఒకటి కొని, యూటీసీకి సరిచేసి, రేడియో పైన తగిలించాను. చేతి గడియారం మన వేళను, గోడగడియారం ప్రసారాల వేళను చూపిస్తుంటే నిద్రమత్తులో లెక్కలు వేయవలసిన పని ఉండదు.

తరువాత ఏరియల్. వాతావరణ ప్రసారాలు వినడానికే అయితే పెద్ద ట్రాన్స్‌మిటరు అక్కరలేదు, సింగిల్ సైడ్‌బ్యాండ్ (ఓడలు దూరపు మాటలకు వాడే షార్ట్‌వేవ్ పద్ధతి) అందుకోగల చిన్న పోర్టబుల్ రిసీవరు చాలు. అయితే దానికి ఉన్న మడత ఏరియల్ మీద ఆధారపడకుండా, పది మీటర్ల ఇన్సులేటెడ్ తీగను జెండా తాడుతోపాటు స్తంభం మీదికి లాగి, రిసీవరుకు కలిపితే వినికిడి ఎంతో మెరుగుపడుతుంది. ట్రాన్స్‌మిటరు కూడా పెట్టుకొనేవారు స్తంభాన్ని వెనక నుంచి పట్టి ఉంచే స్టే తీగకు పైనా కిందా ఇన్సులేటర్లు వేయించి దానినే ఏరియల్‌గా వాడతారు. వీరికి పడవకు స్టేషన్ లైసెన్సు, నడిపే మనిషికి ఆపరేటరు సర్టిఫికెట్ తప్పనిసరి.

ఏరియల్ కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది పడవలోని సొంత రొద. ఎల్‌ఈడీ దీపాలు, సోలార్ పలకల కంట్రోలరు, ఇన్వర్టరు, ఫోను చార్జరు, ఫ్రిజ్ కంప్రెసరు, ఇవన్నీ రేడియోలో బుసబుసలాడుతూ అసలు మాటను మింగేస్తాయి. జెట్టీకి కట్టి ఉండగానే ఒక సాయంత్రం రేడియోను ఏదైనా బలహీనమైన స్టేషన్ మీద పెట్టి, స్విచ్‌లను ఒక్కొక్కటిగా ఆపుతూ, ఏది ఆపితే చప్పుడు తగ్గిందో రాసుకోవాలి. ఆ జాబితాలోనివన్నీ ప్రసార సమయంలో ఆగిపోవాలి. నా పడవలో దోషి మేము రోజంతా వెలిగించి ఉంచే వంటగది దీపమని తేలడానికి రెండు ప్రయాణాలు పట్టింది.

తీరానికి దగ్గరగా

మొదటి రోజు ఆకాశవాణిని తక్కువ చేయకూడదు. విశాఖ కేంద్రం మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్ మీద ప్రసారమవుతుంది. మీడియం వేవ్ తరంగం పొడినేల మీద కంటే ఉప్పునీటి మీద ఎక్కువ దూరం సాగుతుంది కనుక, ఎఫ్‌ఎం మాయమైన తరువాత కూడా ఇది వినిపిస్తుంది. మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికలో గాలి వేగాన్ని గంటకు కిలోమీటర్లలో చెబుతారు, సముద్ర బులెటిన్లలో నాట్లలో చెబుతారు. ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. కాబట్టి తెలుగులో విన్న 45 నుంచి 55 కిలోమీటర్ల గాలి సుమారు 24 నుంచి 30 నాట్ల గాలి అవుతుంది, ఆ స్థాయిలో చిన్న పడవ పెద్ద తెరచాపను రెండు మడతలు కుదించి ఉండాలి. ఈ మార్పిడిని ఒక అట్టముక్క మీద రాసి సెట్టు పక్కన అంటించుకోవడం మంచిది.

రేవులలో ఎగరవేసే తుపాను సూచికలు కూడా ఇదే దశలో పనికివస్తాయి. 1974 నుంచి పనిచేస్తున్న విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం మన రేవులకు ఈ హెచ్చరికలు పంపుతుంది. పత్రికలలో కనిపించే ఒకటో నంబరు, దూరంగా సముద్రంలో వాయుగుండం వంటిది ఉందని ఓడలను అప్రమత్తం చేస్తుంది. రేవులో ఎండ కాస్తున్నా అది ఎగురుతూ ఉండవచ్చు, అండమాన్ వైపు పోయే మనకు ఆ దూరపు వాతావరణమే ఎదురవుతుంది. ఒకటో నంబరు ఉన్న రోజున చేపల రేవులోని మరబోట్లను చూడండి. అవి కదలలేదంటే మనం కూడా కదలకపోవడమే మంచిది.

ఓడలు దగ్గరి మాటలకు వాడే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానల్ ఎప్పుడూ తెరిచే ఉండాలి. దాని తరంగం చూపు మేరకే సాగుతుంది కాబట్టి పాతిక ముప్పై మైళ్ళ తరువాత తీరం వినిపించదు. అయినా తుపాను పుట్టినప్పుడు కోస్ట్ గార్డ్ ఓడలు, విమానాలు నడిసముద్రంలోని పడవలకు హెచ్చరికను చదివి వినిపించేది ఈ సెట్టు మీదనే. దారిలో ఎదురైన సరుకు ఓడను పిలిచి తాజా బులెటిన్ అడగడంలో కూడా మొహమాటం అక్కరలేదు. బ్రిడ్జి మీద కాపలా ఉన్న అధికారులు సాధారణంగా ఓపికగానే చదివి చెబుతారు.

2019లో వచ్చిన జెమిని పరికరం మరొక సాధనం. మన దేశపు గగన్ ఉపగ్రహాల ద్వారా హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పంపే సముద్ర స్థితి సూచనలను అది అందుకొని, బ్లూటూత్ ద్వారా ఫోనుకు చేరుస్తుంది. చేపల వేటకు పోయేవారి కోసం తయారైనా తెరచాప పడవకూ ఉపయోగమే. దానితో తిరిగి మాట్లాడడం కుదరదు, అందుకొనడం మాత్రమే సాధ్యం.

నావ్‌టెక్స్

తీరం నుంచి రెండు మూడు వందల మైళ్ళ దాకా పనిచేసే నమ్మకమైన సాధనం నావ్‌టెక్స్. ప్రపంచమంతటా ఒకే పౌనఃపున్యం మీద, 518 కిలోహెర్ట్జ్ మీద, ఇంగ్లీషు అక్షరాలలో వచ్చే ఈ సందేశాలను చిన్న సెట్టు తనంతట తానే అందుకొని తెర మీద చూపిస్తుంది. మనిషి మేలుకొని ఉండనవసరం లేదు, అందుకే ఒంటరిగా పోయేవారికి దీనిని మించిన తోడు లేదు.

ఒకే తరంగం మీద అన్ని కేంద్రాలూ మాట్లాడాలి కాబట్టి వంతులు వేశారు. ప్రతి కేంద్రానికీ ఒక అక్షరం ఉంటుంది, ప్రతి అక్షరానికీ నాలుగు గంటలకొకసారి పది నిమిషాల వంతు వస్తుంది. 'ఏ' (A) అక్షరం వంతు యూటీసీ సున్నా గంటలకు, బీ అక్షరం వంతు సున్నా గంటల పది నిమిషాలకు మొదలవుతాయి. ఈ లెక్కన పదహారో అక్షరమైన పీ వంతు యూటీసీ రెండున్నరకు, అంటే మనకు ఉదయం 8 గంటలకు, మళ్ళీ మధ్యాహ్నం 12కు, సాయంత్రం 4కు, అలా కొనసాగుతుంది. అయితే వాతావరణ సూచన ప్రతి వంతులోనూ రాదు, ఏ వంతులలో వస్తుందో తాజా కాలపట్టికలో చూసుకోవాలి.

సందేశం మొదటి వరుసలో జడ్ సీ జడ్ సీ అనే గుర్తు, దాని తరువాత నాలుగు స్థానాల సంకేతం ఉంటాయి. మొదటి అక్షరం కేంద్రానిది, రెండవది విషయానిది, చివరి రెండు అంకెలు వరుస సంఖ్య. విషయాక్షరం 'ఏ' (A) అయితే నౌకాయాన హెచ్చరిక, బీ అయితే వాతావరణ హెచ్చరిక, డీ అయితే అన్వేషణ, రక్షణ, సముద్రపు దొంగల సమాచారం, 'ఈ' (E) అయితే మామూలు వాతావరణ సూచన. ఏ, బీ, డీ రకాలను సెట్టులో ఆపివేయడం కుదరదు. 'ఈ' (E) రకాన్ని మాత్రం ఆపివేయవచ్చు, దానితోనే చిక్కు. గొణుగుడు భరించలేక ఎవరో ఎప్పుడో ఆపివేసి ఉంటారు, మనం రెండు రోజులు ఖాళీ తెర చూస్తూ సెట్టు పాడైందని అనుకుంటాము. బయలుదేరే ముందు సెట్టింగు తెరిచి, మనకు కావలసిన కేంద్రాల అక్షరాలు, బీ, 'ఈ' (E) రకాలు తెరిచి ఉన్నాయని చూసుకోవాలి. సెట్టును ఒకరోజు ముందే వేసి ఉంచితే బయలుదేరే వేళకు అప్పటికి అమలులో ఉన్న హెచ్చరికలన్నీ అందులో చేరి ఉంటాయి.

మన దారికి దగ్గరి కేంద్రం కాకినాడ పక్కనున్న వాకలపూడి. అటు చివర కార్ నికోబార్‌లోని కీటింగ్ పాయింట్ కేంద్రం ఉంది. పటం మీద కొలిచి చూస్తే దారి సరిగ్గా సగమయ్యే చోటు వాకలపూడికి దాదాపు 360 మైళ్ళ దూరంలోనూ, కీటింగ్ పాయింట్‌కు సుమారు 430 మైళ్ళ దూరంలోనూ పడుతుంది. నావ్‌టెక్స్ పరిధి మామూలుగా 250 నుంచి 400 మైళ్ళు. అంటే మూడో రోజున మనం రెండు కేంద్రాలకూ అంచున ఉంటాము. రాత్రివేళ మీడియం తరంగాలు ఆకాశం నుంచి ప్రతిఫలించి మరింత దూరం వస్తాయి కాబట్టి, ఆ నడిమి రోజున రాత్రి సందేశాలు దొరికి పగటివి దొరకకపోవచ్చు. అక్షరాల స్థానంలో నక్షత్రపు గుర్తులు కనిపిస్తే సందేశం చెడిందని అర్థం. గాలి వేగంలోని ఒక అంకె స్థానంలో నక్షత్రం ఉంటే దానిని ఊహతో పూరించకుండా తరువాతి వంతు కోసం ఆగాలి.

నడిసముద్రంలో

ఆ ఖాళీని పూరించేవి రెండు. ఇన్‌మార్శాట్ సెట్టు ఉన్నవారికి సేఫ్టీనెట్ ద్వారా సముద్ర బులెటిన్ అందుతుంది, అందుకున్నందుకు రుసుము లేదు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న అరేబియా సముద్రం, బంగాళాఖాతాలకు ఆ బులెటిన్ తయారుచేసే బాధ్యత భారత వాతావరణ శాఖది. రెండవది షార్ట్‌వేవ్ మీద వచ్చే వాతావరణ పటం, దీనినే వెదర్‌ఫ్యాక్స్ అంటారు. జపాన్ 3622.5, 7795, 13988.5 కిలోహెర్ట్జ్ మీద పటాలు పంపుతుంది.

పటం అందుకోవడంలో తొలిసారి అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ప్రకటించిన పౌనఃపున్యాన్ని ఉన్నదున్నట్టుగా తిప్పితే చప్పుడు వస్తుంది గాని పటం రాదు. రిసీవరును అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో పెట్టి, ప్రకటించిన అంకెకు 1.9 కిలోహెర్ట్జ్ కిందికి తిప్పాలి, అంటే 7795కు బదులు 7793.1, 13988.5కు బదులు 13986.6. రిసీవరు శబ్దాన్ని కంప్యూటరుకు తీగ ద్వారా ఇచ్చినా సరే, ఫోనును స్పీకరు దగ్గర పెట్టినా సరే, ఫ్యాక్స్ చదివే ప్రోగ్రాము నిమిషానికి 120 వరుసల లెక్కన పటాన్ని గీస్తుంది. పటం ఏటవాలుగా వస్తే ప్రోగ్రాములోని గడియారపు సవరణతో నిలబెట్టవచ్చు. ఇదంతా ఇంటి డాబా మీద నాలుగైదుసార్లు చేసి చూడాలి. కడుపులో తిప్పుతుండగా, పడవ ఒరిగి ఉండగా, తొలిసారి నేర్చుకొనే విద్య కాదిది.

పగలు ఎక్కువ పౌనఃపున్యాలు, రాత్రి తక్కువ పౌనఃపున్యాలు బాగా పలుకుతాయి. మధ్యాహ్నం 12 మెగాహెర్ట్జ్‌కు పైన, రాత్రి 8కి కింద వెతకాలి. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలలో దూరపు స్టేషన్లు ఒక్కసారిగా స్పష్టంగా వినిపిస్తాయి. వీలైతే దినంలోని ముఖ్యమైన వినికిడిని ఆ వేళలకే పెట్టుకోవాలి. హామ్‌లు, అంటే సరదాకు రేడియో నడిపే ఔత్సాహికులు, రోజూ ఒక వేళకు కలిసి మాట్లాడుకొనే ఆగ్నేయాసియా నెట్ కూడా 14320 కిలోహెర్ట్జ్ మీద యూటీసీ 12 గంటలకు, అంటే మన సాయంత్రం ఐదున్నరకు కలుస్తుంది. వినడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు గాని, మాట్లాడడానికి హామ్ లైసెన్సు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకి విశాఖలో ఫోన్లన్నీ మూగబోయినప్పుడు వార్తలు మోసినవారిలో హామ్‌లు కూడా ఉన్నారు.

ట్రాన్స్‌మిటరు, దాని మీద అక్షరాలు పంపే ప్యాక్టర్ మోడెం ఉన్నవారు షార్ట్‌వేవ్ ఈమెయిల్ ద్వారా గ్రిబ్ ఫైళ్ళు, అంటే కంప్యూటరు లెక్కవేసిన గాలి, పీడనాల సూచనలు, తెప్పించుకోవచ్చు. హామ్‌లకు విన్‌లింక్, మిగిలినవారికి చందా కట్టే సెయిల్‌మెయిల్ ఉన్నాయి. ఆ ఫైళ్ళు పంపే సెయిల్‌డాక్స్ సేవకు రాసే అభ్యర్థనలో ప్రాంతపు హద్దులు, గళ్ళ దూరం, గంటలు, కావలసిన అంశాలు వరుసగా రాయాలి. మన దారికి ఉత్తర అక్షాంశం 18 నుంచి 9 దాకా, తూర్పు రేఖాంశం 82 నుంచి 95 దాకా, ఒక డిగ్రీ గళ్ళతో, 96 గంటల వరకు గాలి, పీడనం అడిగితే చాలు. ఇంతకన్నా ఎక్కువ అడిగితే ఫైలు పెరిగి, మధ్యలో లింకు తెగి, బ్యాటరీ మాత్రమే ఖర్చవుతుంది. గ్రిబ్ బాణాలు కంటికి ఇంపుగా ఉంటాయి గాని, మేఘం కింద విరుచుకుపడే ఈదురుగాలిని, తుపాను నడిబొడ్డులోని అసలు వేగాన్ని అవి తక్కువగా చూపిస్తాయి. మనుషులు రాసిన బులెటిన్‌కు అవి తోడుగా ఉండాలే గాని బదులుగా కాదు.

విన్నదానిని చదవడం

బులెటిన్‌లో మొదటి భాగం తుపాను హెచ్చరిక, రెండవది వాతావరణ స్థితి, మూడవది ప్రాంతాలవారీగా గాలి, వాన, చూపు దూరం, అలల ఎత్తు. చాలామంది మూడవ భాగంలో తమ ప్రాంతాన్ని మాత్రమే రాసుకుంటారు. నేను రెండవ భాగాన్ని ముందు రాస్తాను, ఎందుకంటే రేపటి మూడవ భాగం అందులోనే దాగి ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరాన్ని తాకే వాయుగుండాలలో చాలా భాగం దక్షిణ అండమాన్ సముద్రం, దానికి ఆనుకొని ఉన్న ఆగ్నేయ బంగాళాఖాతంలో పుట్టి, పడమర, వాయవ్య దిక్కులకు కదులుతాయి. మనం పోయేది ఆగ్నేయానికి, అంటే వాటికి ఎదురుగా. అండమాన్ సముద్రంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే, అది మన ప్రాంతపు సూచనలో ఇంకా చేరకపోయినా, పటం మీద పెన్సిలుతో గుర్తు పెట్టాలి.

పేర్లకు అంకెలు తెలిసి ఉండాలి. వాయుగుండం అంటే 17 నుంచి 27 నాట్ల గాలి, తీవ్ర వాయుగుండం 28 నుంచి 33, తుపాను 34 నుంచి 47, తీవ్ర తుపాను 48 నుంచి 63, అతి తీవ్ర తుపాను 64 నుంచి 89, అత్యంత తీవ్ర తుపాను 90 నుంచి 119, ఆపైన పెను తుపాను. ఇవి మూడు నిమిషాల సగటులు, ఈదురుగాలి అంతకన్నా ఎక్కువగా ఉంటుంది. తుపాను దారిని పటం మీద గీసేటప్పుడు నావికులు పాటించే పాత లెక్క ఒకటుంది. ఒక రోజు తరువాతి స్థానానికి 100 మైళ్ళు, రెండు రోజులదానికి 200, మూడు రోజులదానికి 300 మైళ్ళ పొరపాటు ఉండవచ్చని భావించి, 34 నాట్ల గాలి వలయానికి ఆ దూరాన్ని కలిపి గీసి, ఆ వలయాలలోకి పడవ పోకుండా దారి మార్చుకోవాలి. ఈనాటి సూచనలు అంతకన్నా కచ్చితంగానే ఉంటున్నా, 5 నాట్ల పడవకు అంత ఎడం అవసరమే.

రేడియో చెప్పినదానికి సాక్షి బారోమీటరు. మన అక్షాంశాలలో పీడనం రోజుకు రెండుసార్లు సుమారు 3 హెక్టోపాస్కల్‌ల (బారోమీటరులో పీడనపు కొలత) మేర పెరిగి తగ్గుతుంది, ఉదయం, రాత్రి పది గంటల ప్రాంతంలో ఎక్కువగానూ, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో తక్కువగానూ ఉంటుంది. కాబట్టి ఉదయం పదింటి అంకెను సాయంత్రం నాలుగింటి అంకెతో పోల్చి కంగారుపడకూడదు, నిన్నటి పదింటితో నేటి పదింటిని పోల్చాలి. ఈ రోజువారీ మార్పును తీసివేసిన తరువాత కూడా ఆ కాలపు సగటు కన్నా 3 తక్కువగా ఉంటే అనుమానించాలి, 5 తక్కువగా ఉంటే 200 మైళ్ళలోపు తుపాను ఉన్నట్టే లెక్క. అప్పుడు గాలికి ఎదురుగా నిలబడితే తుపాను కేంద్రం కుడిచేతి వైపు, కొంచెం వెనకగా ఉంటుంది. బులెటిన్ చెప్పిన స్థానం ఆ దిక్కుకు కుదరకపోతే బులెటిన్ తరువాత తుపాను కదిలిందని గ్రహించాలి.

నోటు పుస్తకంలో ప్రతి ప్రసారానికీ ఒక వరుస చాలు. విన్న వేళ, జారీ అయిన వేళ, మన స్థానం, చెప్పిన గాలి, నిజంగా వీస్తున్న గాలి, పీడనం, ఇంతే. జారీ అయిన వేళ గడిని ఖాళీగా వదలకూడదు, ఎందుకంటే అదే బులెటిన్‌ను వేరువేరు మార్గాలలో రెండుసార్లు అందుకొని రెండు వేరు సూచనలు కుదిరాయని సంతోషించే ప్రమాదం ఉంది. ప్రసారాన్ని ఫోనులో రికార్డు చేసుకొని తరువాత నెమ్మదిగా వినడం ఇప్పుడు సులువైంది, వినలేకపోయిన అంకె కోసం మరో నాలుగు గంటలు ఎదురుచూడనక్కరలేదు.

నాలుగో రోజు నుంచి వాకలపూడి అక్షరం తగ్గి, కీటింగ్ పాయింట్ అక్షరం కనబడడం మొదలవుతుంది. జనవరి నుంచి మార్చి వరకు ఈశాన్యపు గాలి ఈ దారికి పక్కవాటుగా వీస్తుంది కాబట్టి, అప్పటికి పడవ అనుకున్నదానికన్నా ముందుగానే ద్వీపాలను సమీపించి ఉండవచ్చు. ఈ దశలో బులెటిన్‌లో గాలి వేగం కన్నా చూపు దూరం అంకెను ముందు చూడాలి. వాన తెరలలో చూపు రెండు మూడు మైళ్ళకు పడిపోతుందని రాసి ఉంటే, చీకటిలో రేవును వెతుక్కోకుండా తెరచాప తగ్గించి, తీరానికి ఇరవై మైళ్ళ ఎడంగా తెల్లవారేదాకా నిలిచి, 16వ చానల్‌లో రేవును పిలిచి స్థానిక వాతావరణం అడిగి లోపలికి పోవాలి.